రజియా గారి పెద్ద అక్షరాలు

మొన్న మధ్యాహ్నం డాబా పిట్టగోడ మీద ఎండబెట్టిన రిమోట్ సెల్స్ తీద్దామని పైకెళ్ళాను. పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అందులో ఒకటి కారినట్టుంది, తుప్పు పట్టిన రేకులాంటి పుల్లటి వాసన ముక్కుకి కొట్టింది. "ఎందుకత్తయ్యా ఆ తిప్పలు, సాయంత్రం కొత్తవి తెప్పిస్తాగా" అని కింద నుంచి కోడలు కేకేసింది. ఆ వాసన తగిలితే చాలు, ఈ డాబా మీది గదిలో అద్దెకున్న రజియా గారు గుర్తొస్తారు. నీరసపడ్డ సెల్స్‌ని ఎండలో పెడితే ఇంకొన్నాళ్ళు పనిచేస్తాయని ఆవిడకి నేర్పింది నేను. నన్ను గురించి నాకు కొత్తగా ఒక సంగతి నేర్పింది ఆవిడ.

మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు. మూడో తరగతి దాటగానే బడి మానిపించారు. పెళ్ళయి పటమట వచ్చాను. చదువు తక్కువైన మనిషిని మోసం చేయడం తేలికని అందరూ అనుకుంటారు కాబట్టి, చిన్నప్పటినుంచీ నేను ఎవర్నీ నమ్మకుండా పెరిగాను. బియ్యం బస్తా కొంటే పైన చూసి ఊరుకోను, అడుగునుంచి గుప్పెడు తీయిస్తాను. వన్ టౌన్ బట్టల కొట్లలో నన్ను చూస్తే గుడ్డని సాగదీసి కొలవడం మానేసేవాళ్ళు. ఇంట్లో నన్ను ఇన్‌స్పెక్టరు అనేవారు. ముద్దుగా అనేవారో, ముద్దు లేకుండా అనేవారో నేను అడగలేదు. తప్పు పట్టుకునే మనిషిని ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరని మాత్రం నాకు బాగా తెలుసు. పెళ్ళి భోజనాల్లో కూడా నా పక్క కుర్చీ అన్నిటికంటే చివర నిండేది.

రజియా గారు ఆడపిల్లల కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేసి మానేశారు. భర్త పోయారు, పిల్లలు లేరు. తమ్ముడి కుటుంబం బందరులో ఉంది. ఆవిడ సామాను దిగిన రోజున నేను గేటు దగ్గర నిలబడి లెక్క చూసుకున్నాను. మంచం ఒకటి, స్టవ్ ఒకటి, మిగతావన్నీ అట్టపెట్టెలు, ప్రతి పెట్టెలోంచీ ఏవో వైర్లు బయటికి వేలాడుతున్నాయి. "ముస్లింలకి ఇచ్చారేమిటండీ?" అని పక్కింటావిడ చెవిలో ఊదింది. "ఇప్పటిదాకా గది పాడుచేసి పోయినవాళ్ళంతా మన చుట్టాలేగా" అన్నాను. నా అనుమానానికి కులమతాల తేడా లేదు, అందరికీ సమానమే. ఒంటరి ఆడమనిషికి అన్ని వైర్లెందుకన్నదే నా బాధ.

మర్నాటి నుంచి ఒడియాలు ఆరాయో లేదో చూసే వంకతో పైకెక్కడం మొదలుపెట్టాను. కిటికీ పక్కగా వంగి లోపలికి చూస్తుంటే ఆవిడ గొంతు వినిపించింది. "అక్కగారూ, అలా వంగితే మెడ పట్టేస్తుంది. తలుపు తీసే ఉంది, లోపలికొచ్చి చూడండి." సిగ్గుపడాల్సింది, పడలేదు. వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ నవ్వకుండా, చిరాకు పడకుండా, ఒక్కో పెట్టె మూతా తీసి చూపించారు. ఇది పాత కంప్యూటరు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇది దాని వైరు. ఇది ఇంకోదాని వైరు, ఎందుకుందో నాకూ తెలీదు. అన్నీ చూపించాక, "ఇంకేమైనా అనుమానముందా?" అన్నారు. "ఆ మంచం కింద పెట్టె?" అన్నాను. అదీ తీశారు. మామిడికాయ పచ్చడి. ఆ రోజు దానిలోంచి ఒక గిన్నెడు నా చేతికిచ్చి పంపారు. రుచి చూసేముందు వాసన చూశానని వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారాలు కాలేజీ పిల్లలు ఆవిడ దగ్గర లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చేవాళ్ళు. అప్పుడు చూశాను ఆవిడ కాలిక్యులేటర్‌ని. కొట్లలో ఉండేదానికి రెండింతలుంది. దాని తెరమీద అంకెలే కాదు, గీతలు కూడా పడతాయి. పాత విద్యార్థిని ఒకమ్మాయి తను వాడిందాన్ని తెచ్చిచ్చిందట. ఆవిడ దాన్ని ముక్కుకి ఆనించుకుని చూసేవారు. రాన్రాను ఆనించుకున్నా కనపడడం లేదని నాకర్థమైంది. పిల్లలు చెప్పిన జవాబుకి ఊఁ కొట్టి, వాళ్ళు తల వంచగానే మళ్ళీ ఆ తెరని కంటి దగ్గరికి లాక్కునేవారు.

ఒకరోజు నేనే అడిగేశాను. "మీకు కనపడటం లేదు కదూ?"

ఆవిడ కాలిక్యులేటర్ పక్కన పెట్టారు. "కంట్లో నరం అక్కగారూ. ఆపరేషన్‌కి లొంగేది కాదట. పూర్తిగా పోదు, చిన్న అక్షరం మాత్రం ఇక ఆనదు. పాఠం నోటితో చెప్పగలను గానీ, వాళ్ళు చేసింది తప్పో ఒప్పో చూసి చెప్పలేకపోతే ఎవరొస్తారు? వాళ్ళు రాకపోతే నేనిక్కడ ఎందుకు? బందరు పోయి తమ్ముడింట్లో ఒక మూల కుర్చీలో కూర్చోవాలి. వాళ్ళు మంచివాళ్ళే. కుర్చీ కూడా మంచిదే. నాకే ఇష్టం లేదు."

"షావుకార్ల బల్ల మీద పెద్ద అంకెల కాలిక్యులేటర్ ఉంటుందిగా, అది కొనుక్కోండి."

"అది కూడికలు చేస్తుంది. నాకు గీత కావాలి. గీత ఎక్కడ ఎక్కిందో ఎక్కడ వంగిందో కనపడాలి."

అప్పుడు చెప్పారు తన ఆలోచన. కాలిక్యులేటర్ లోపల దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఉంటుందట. కంపెనీవాళ్ళు పెట్టిందాన్ని మనం ముట్టుకోలేం, అక్షరాలు ఎంతుంటే అంతే. కానీ ఎక్కడెక్కడి మనుషులో కలిసి వేరే సిస్టమ్ ఒకటి తయారుచేసి, ఇంటర్నెట్‌లో అందరికీ ఊరికే పెట్టారట. అది ఎలా రాశారో కూడా మొత్తం బయటపెట్టారట. ఎవరైనా తీసుకుని, మార్చుకుని, ఎక్కించుకోవచ్చు. ఈవిడ అందులో అక్షరాల కొలత పెంచుకుందామని కూర్చున్నారు.

ఊరికే అన్న మాట చెవిన పడగానే నా ఒళ్ళు మండింది. "ఊరికే ఎవరిస్తారండీ? మా పిన్ని కూతురికి స్టీలు గిన్నె ఊరికే అని ఇచ్చి చీటీలో చేర్పించారు. వాళ్ళకేం కావాలి మీ దగ్గర?"

"ఏమీ అడగలేదు."

"అదే మరీ ప్రమాదం."

ఆవిడ పకపకా నవ్వి, నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించిన కాగితాల కట్ట నా ఒళ్ళో పెట్టారు. అంతా ఇంగ్లీషు, అది కూడా మామూలు ఇంగ్లీషులా లేదు, చుక్కలూ బ్రాకెట్లూ. "దాని లోపలున్నదంతా ఇదే. ఏదీ దాచలేదు."

"చూపించిందంతా నిజమని ఏముంది? మా పాలవాడూ క్యాను మూత తీసి చూపించేవాడు. నీళ్ళు ఇంటిదగ్గరే కలిపి తెచ్చేవాడు."

"అందుకే నేను రోజూ కాస్త కాస్త, భూతద్దం పెట్టుకుని చదివాను. మీలాంటి అనుమానం మనుషులు ఇంకా చాలామంది చదివారు. తప్పు కనిపిస్తే రాసి పంపుతారు."

"పంపితే? కోపం రాదూ వాళ్ళకి?"

"రాదు. థాంక్స్ చెప్పి దిద్దుకుంటారు."

ఆ మాట నేను నమ్మలేదు. తప్పు చెప్పినవాళ్ళకి థాంక్స్ చెప్పే మనుషులు ఈ భూమ్మీద ఉంటారని ఎలా నమ్మను? కిందకొచ్చి మా అబ్బాయికి చెప్తే, వాడు టీవీలోంచి తల తిప్పకుండా, "ఎక్కించడం మధ్యలో ఆగిపోతే ఇక రాయేనమ్మా అది. ఆ కంపెనీవాళ్ళు కూడా ముట్టుకోరు" అన్నాడు. నా భయం రెండింతలైంది. ఉన్న చిన్న అక్షరాలు కూడా పోగొట్టుకుని ఆవిడ బందరు బస్సెక్కడం కళ్ళకి కట్టింది. మళ్ళీ పైకెళ్ళి, "వద్దు, మానండి" అని తెగేసి చెప్పాను.

"మానను. కానీ ఎక్కించేటప్పుడు మీరు నా పక్కన కూర్చోవాలి" అన్నారు. "తెరమీద వచ్చేది నాకు కనపడదు. కాగితంలో ఏ వరస తరవాత ఏ వరస రావాలో అచ్చు తీశాను. చదవక్కర్లేదు, ఆకారాలు పోల్చి చూస్తే చాలు. నమ్మేవాళ్ళని కూర్చోబెడితే అన్నీ బాగానే ఉన్నాయంటారు. నాకు మీరే కావాలి."

నా జన్మలో నన్ను అలా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్ళు లేరు.

మధ్యాహ్నం కరెంటు కోత అయిపోయి ఫ్యాను తిరగడం మొదలవగానే కూర్చున్నాం. కంప్యూటరుకి, కాలిక్యులేటర్‌కి మధ్య సన్నటి వైరు. నేను కళ్ళజోడు తుడుచుకుని, కాగితం మీద వేలు పెట్టి, తెరమీది ఆకారాలు ఒక్కొక్కటే పోల్చుకుంటున్నాను. "ఇది ఉంది. ఇదీ ఉంది. ఆ కొక్కెంలాంటిదీ ఉంది." ఆవిడ మీట నొక్కారు. ముందు పాతది చెరిగిపోతుందని, తరవాత కొత్తది వస్తుందని చెప్పారు. పాతది చెరిగింది. కొత్తది రావడం మొదలైంది. కాలిక్యులేటర్ తెరమీద నల్లటి గీత ఒకటి మెల్లగా పాకుతోంది.

ఆ నలుపు పలచబడుతోందని నాకనిపించింది. మా ట్రాన్సిస్టర్‌లో సెల్స్ అయిపోయేముందు గొంతు ఎలా నీరసపడుతుందో అలా ఉంది. "రజియా గారూ, ఇందులో ఏ సెల్స్ వేశారు?"

"మీ పద్ధతే అక్కగారూ" అన్నారు ఆవిడ, కాస్త గొప్పగానే. "పిట్టగోడ మీద ఎండబెట్టినవి. మొన్నటినుంచీ బాగానే పనిచేస్తున్నాయి."

"అయ్యో నా తల్లీ! ఎండ సెల్స్ గోడ గడియారానికమ్మా! ఇంత పనికా!"

అంటుండగానే తెర తెల్లబడిపోయింది. ఆవిడ మీట నొక్కారు, మళ్ళీ నొక్కారు. ఏమీ లేదు. నేను వేయి చోట్ల పొదుపు నేర్పాను గానీ, ఎక్కడ పొదుపు చేయకూడదో ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఆ కాలిక్యులేటర్‌ని రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో మీటలన్నీ తడుముతున్నారు. "కింద చెరగని ముక్క ఒకటి ఉంటుందని రాశారు" అన్నారు నెమ్మదిగా. "పాతది పోయినా, కొత్తది రాకపోయినా, అది మేలుకుని కొత్తది మళ్ళీ పంపమని అడుగుతుందట. నేను చదివాను. చదివాననే అనుకుంటున్నాను."

నేను మెట్లు దిగి వెళ్ళి బీరువా తెరిచాను. టీవీ రిమోట్ కోసమని కొని, పాతవి పూర్తిగా చచ్చేదాకా విప్పకూడదని చీరల కింద దాచిన కొత్త సెల్స్ ప్యాకెట్ తీశాను. పైకి తెచ్చి, పంటితో చింపి, నా చేత్తో నేనే వేశాను. ఆవిడ ఒక మీట వేలితో అదిమిపట్టి, ఇంకోటి నొక్కారు.

తెర మీద ఒకే ఒక్క వరస వచ్చింది. నేను కాగితం మీద వెతికాను. అడుగున, ఆవిడ పెన్సిలుతో గుండ్రం చుట్టినచోట ఉంది. "ఉంది" అన్నాను. "ఇదే, ఇదే, అచ్చం ఇదే." ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలారు. మళ్ళీ మొదటినుంచి ఎక్కించాం. ఈసారి ఆ నల్ల గీత చివరిదాకా పాకింది. తెర ఒకసారి ఆరి వెలిగింది. ఒక్కో అక్షరం మా వాకిట్లో ముగ్గు చుక్కంత లావుగా ఉంది. ఆవిడ దాన్ని కంటికి ఆనించుకోలేదు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, ఏవో మీటలు నొక్కి, నాకు చూపించారు. గీత ఒకటి కిందినుంచి ఎక్కి, తిరిగి మెత్తగా దిగింది. మా ఊరి దగ్గర కాలవ తిరిగే చోటులా ఉంది. "కనపడుతోందా మీకు?" అన్నాను. "వంపు కనపడుతోంది" అన్నారు.

అయినా నా అనుమానం ఆగలేదు. వారం తిరక్కుండానే కాగితం మీది అంకెలూ తెరమీది అంకెలూ పోల్చి చూస్తుంటే, పొడుగాటి సంఖ్య వచ్చినప్పుడు చివరి అంకె తెర అంచున తెగిపోతోంది. చెప్తే ఆవిడ మళ్ళీ మళ్ళీ చేయించి చూశారు. "అక్కగారూ, ఇది నేను అక్షరాలు పెంచినందుకు కాదు, అసలు దాంట్లోనే ఉన్న తప్పు. ఎవరూ పట్టుకోలేదు" అని వాళ్ళకి రాశారు. జవాబొచ్చింది. నెట్ సెంటర్ నుంచి వస్తూ మెట్ల మీదే కేకేశారు. "థాంక్స్ చెప్పారు! దిద్దుతారట. ఎవరు పట్టుకున్నారో పేరు రాస్తే సిస్టమ్‌తో పాటు ఉంచుతారట."

"పేరెందుకు వాళ్ళకి? ఇవ్వకండి" అన్నాను.

ఆవిడ మెట్ల మీదే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు. "సరే. పటమట నుంచి ఒక అనుమానం మనిషి అని రాస్తాను. పర్వాలేదా?"

"ఇంటి నంబరు రాయకండి" అన్నాను.

ఆ పెద్ద అక్షరాలతో ఆవిడ చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు. చివరికి అవీ కనపడని రోజొచ్చింది. కాలిక్యులేటర్‌ని పాఠానికొచ్చే పిల్లల్లో ఒకమ్మాయికిచ్చి, తనంతట తనే బందరు బస్సెక్కారు. పోయారని కబురొస్తే వెళ్ళాను. ఆ కుర్చీ చూశాను. మంచి కుర్చీయే.

ఇప్పటికీ పాలు మరిగాక మీగడ చూస్తాను, బస్తా అడుగునుంచి గింజలు తీయిస్తాను. కాకపోతే ఇదివరకులా కిటికీలోంచి చూడను, తలుపు తట్టి చూపించమంటాను. ఎవరైనా నాలో తప్పు చెప్తే, నోటిదాకా వచ్చిన కోపాన్ని మింగి, థాంక్స్ అంటాను. మా కోడలు మొదటిసారి విన్నప్పుడు నాకు ఒంట్లో బాగాలేదేమోనని భయపడింది. బీరువాలో చీరల కింద విప్పని సెల్స్ ప్యాకెట్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

మొన్న మా అబ్బాయి అన్నాడు, ఆ సిస్టమ్ ఇంకా ఇంటర్నెట్‌లో ఉందేమో వెతికి, నీ గురించి ఆవిడ నిజంగా రాశారో లేదో చూద్దామా అని. నేను సెల్స్ తిరగేసి రెండో వైపు ఎండకి పెడుతూ, అక్కర్లేదన్నాను.