పౌడర్ వెయ్యనీకి

మా ఇంట్లో ‘పౌడర్ వెయ్యనీకి పోవుడు’ అంటే ఎవరో చచ్చిపోయారని అర్థం.

డెబ్బైలలో మేము దబీర్‌పురా స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. బాపు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పని చేసేవాడు. మా చర్చి సంఘంలో ఆడమనిషి ఎవరు పోయినా కబురు ముందు మా గుమ్మానికే వచ్చేది. ఒంటికి నీళ్ళు పోయడం, తెల్లచీర కట్టడం, ముక్కులో దూది పెట్టడం, చివరికి ముఖానికి పౌడర్ వేయడం అన్నీ అమ్మే చేసేది. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఒకసారి ఎవరూ ముందుకు రాకపోతే తాను చేసిందట, ఇక అది ఆమె మెడకు చుట్టుకుంది. పిల్లల ముందు పీనుగ అనే మాట అనలేక, “పౌడర్ వెయ్యనీకి పోతున్న, అన్నం తిని పండుకోండ్రి” అని చెప్పి గుడ్డసంచీ తీసుకుని వెళ్ళేది.

నేను చిన్న తరగతిలో ఉన్నప్పుడు, కోస్తా నుంచి వచ్చిన మా టీచరమ్మ “మీ అమ్మగారు ఏం చేస్తారే?” అని అడిగింది. “పౌడర్ వేస్తది” అన్నాను. ఆవిడ అమ్మను నాటకాల మేకప్ మనిషి అనుకుని, బడి వార్షికోత్సవానికి వెంటపెట్టుకుని రమ్మంది. ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వలేదు.

“నా చెయ్యి బతికున్నోళ్ల మొఖాలకు పనికి రాదని చెప్పు” అంది.

అందుకే కాబోలు, ఆమె తన ముఖానికి పౌడర్ తగలనిచ్చేది కాదు. ఆమెకు ముఖానికి రాసుకునే తెల్లటి క్రీము, స్నో కావాలి. చార్మినార్ దగ్గరి ఫ్యాన్సీ దుకాణంలో ముసలి సేటు మమ్మల్ని చూడగానే “స్నో హోనా కీ పౌడర్ హోనా, బేటీ?” అని అడిగేవాడు, జవాబు తెలిసి కూడా. తెల్లటి బరువైన సీసా, దానికి రేకు మూత. పొద్దున స్నానం కాగానే వేలికొనతో నుదుటికి, బుగ్గలకు, గడ్డానికి చుక్కలు పెట్టుకుని, అద్దంలో చూడకుండానే మెల్లగా రుద్దుకునేది. కాసేపటికి స్నో జాడ కూడా ఉండేది కాదు. మా ఇంట్లో అమ్మ తన కోసం చేసుకునే పని అదొక్కటే.

మా అక్కది పూర్తిగా అడ్డం. సైదాబాద్‌లో ఒక దర్జీ దగ్గర బట్టలు కుట్టడానికి బస్సులో వెళ్ళేది. ఎండాకాలం స్నో రాసుకుంటే బస్సు ఎక్కేలోపు చెమటతో కలిసి మెడ మీదికి తెల్లగా కారుతుందని, ముఖం జిడ్డోడుతుందని ఆమె గోల. పౌడర్ అద్దుకుంటే చెమట పీల్చుకుని ముఖం పొడిగా ఉంటుందనేది. అక్క చెప్పిందాంట్లో న్యాయం ఉంది. కానీ అమ్మ దగ్గర న్యాయం ఎవరికి కావాలి? పౌడర్ మాట ఎత్తితే ఒంటికాలి మీద లేచేది.

“పౌడర్ తోలు మీద కూసుంటది, స్నో లోపటికి పోతది. బతికున్న మనిషికి లోపటికి పోయేదే కావాలె. నా కండ్ల ముందట పౌడర్ పూసుకోని తిరుగకే!”

అక్క వింటేగా. డబ్బా కుట్టుసంచీలో దాచుకుని, బస్టాపు దగ్గర పూసుకుని, ఇంటికి వచ్చేటప్పుడు కొంగుతో తుడుచుకునేది. చెవుల వెనక తెల్లగా మిగిలిపోయేది. అమ్మ చూసి కూడా ఊరుకున్న రోజులున్నాయి.

ఊరుకోనిది ఒక్క క్రిస్మస్ పొద్దున. చర్చికి బయల్దేరుతుంటే అక్క డబ్బా ఖాళీ. పక్కింట్లో అడిగితే పోయేది. తొందరలో అటక మీది అమ్మ గుడ్డసంచీ దించి, అందులోని చందనం వాసన పౌడర్ అద్దుకుని, ఏమీ ఎరగనట్టు జడ వేసుకుంటూ కూర్చుంది. వంటింట్లోంచి వచ్చిన అమ్మకు ముందు ఆ వాసన తగిలింది. ఆమె ముఖంలో అంత భయం నేను ముందెప్పుడూ చూడలేదు. అక్కను జుట్టు పట్టుకుని బయటి నల్లా దగ్గరికి ఈడ్చుకెళ్ళి, కొత్త చీర తడిసి ముద్దవుతున్నా వదలకుండా, బట్టల సబ్బుతో ముఖం తోమింది. క్వార్టర్లన్నీ చూస్తున్నాయి. అక్క ఆ రోజు చర్చికి రాలేదు, అమ్మతో చాలాకాలం మాట్లాడలేదు.

నేను పదో తరగతికి వచ్చేసరికి అమ్మకు కామెర్లు ముదిరాయి. పసరు తాగించారు, పెద్దాసుపత్రిలో పెట్టారు, కొన్నాళ్ళకు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కళ్ళు, గోళ్ళు, ముఖం అన్నీ పచ్చబడ్డాయి. లేవలేకపోయినా పొద్దున్నే స్నో అడిగేది. నేనే రాసేదాన్ని. జ్వరానికి పెనంలా కాలే ముఖంలో స్నో పెట్టీ పెట్టగానే ఇంకిపోయేది. అలా ఇంకిపోతుంటే ఎందుకో నాకు ధైర్యంగా ఉండేది.

ఒకరోజు రాస్తుండగా నా చెయ్యి పట్టుకుంది.

“బిడ్డా, నేను పోయినంక నాకు పౌడర్ వెయ్యనియ్యకు. ఎంతమందికి వేసిననో నాకే యాదికి లేదు. వేసినంక అందరి మొఖాలు ఒక్క తీరే అయితయి. నాకు నువ్వు స్నో రాయి. రాస్తనని చెప్పు.”

“ఏం మాటలమ్మా గవి!” అన్నాను.

“రాస్తనని చెప్పు.”

చెప్పాను.

ఆమె ఒక పొద్దున పోయింది. సంఘం ఆడవాళ్ళంతా వచ్చారు, ఏడ్చారు, పాట పాడారు. ఆ తర్వాత ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఇన్నేళ్ళూ ఆ పని చేసిన మనిషే చాప మీద ఉంది, మిగిలిన వాళ్ళకు చేతకాదు. చివరికి అక్క లేచి అటక మీది సంచీ దించింది. పాస్టరమ్మ సాయం పట్టగా నీళ్ళు పోసి, చీర కట్టింది. పౌడర్ డబ్బా బయటికి తీయగానే నేను అడ్డం వెళ్ళాను.

“పౌడర్ వద్దు. స్నో రాస్త.”

“అందరు అమ్మతోని ఫోటో దిగాలె బిడ్డా” అంది పాస్టరమ్మ. “మొఖం మస్తు పచ్చగున్నది. పౌడర్ అయితే కప్పుతది.”

“ఏం కప్పకండ్రి! నాకు చెప్పి పోయింది మా అమ్మ. ఎవ్వరూ ముట్టొద్దు!” అని అరిచాను.

సీసా అడుగున మిగిలింది తీసి, ఆమె పెట్టుకున్నట్టే చుక్కలు పెట్టాను, మెల్లగా రుద్దాను. నుదురు చల్లగా, గట్టిగా ఉంది. స్నో ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. గట్టిగా రుద్దాను. సున్నం పూసినట్టు చారలు చారలుగా తేలింది తప్ప ఇంకలేదు. అరచేతులు రెండూ రాపిడి చేసి వేడి పుట్టించి మళ్ళీ రుద్దాను. అక్క వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“ఇంకదే చెల్లె.”

“ఇంకుతది. నిన్న ఇంకింది గదా!”

“నిన్న అమ్మ ఉండె.”

ఇంటినిండా ఏడుపులు విన్నాను, పాట విన్నాను, నీళ్ళు పోస్తుంటే చూశాను. అయినా అమ్మ చనిపోయిందని నాకు తెలిసింది అప్పుడే.

ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. చల్లబడిన ముఖాల మీద అన్నేళ్ళు చెయ్యి ఆడించిన మనిషి. స్నో ఇంకదని ఆమెకు తెలియకుండా ఉంటుందా? తెలిసి కూడా నా చేత మాట ఎందుకు తీసుకుంది? ఎన్నిసార్లు ఆలోచించినా, చేతికి ఆ చల్లదనం తగులుతుందే తప్ప జవాబు తోచదు.

అక్క కొంగు తడిపి అమ్మ ముఖం తుడిచింది. నల్లా దగ్గర తన ముఖం తోమిన చేతుల్ని కూడా తుడిచి, గుండెల మీద సర్ది పెట్టింది. డబ్బా మూత తిప్పితే చందనం వాసన గదంతా లేచింది. నా చెయ్యి చాపించి అందులో ఇంత పౌడర్ పోసి, “నువ్వే వెయ్యి” అంది. నుదుటి నుంచి మొదలుపెట్టాను. పచ్చదనం పోయింది. చెంపల మీది గీతలు పోయాయి. ఆమె చెప్పినట్టే, మా అమ్మ ముఖం అందరి ముఖాల్లాగే తయారవుతూ ఉంది.

బయట మెట్ల మీద కూర్చున్న బాపు దగ్గరికి జహనుమా నుంచి మా మేనమామ అప్పుడే వచ్చాడు. ఏడ్చి, ముక్కు చీది, “చిన్నది ఏది బావా, కనిపిస్తలేదు?” అని అడగడం కిటికీలోంచి వినబడింది.

“లోపటున్నది” అన్నాడు బాపు. “వాళ్లమ్మకు పౌడర్ వేస్తున్నది.”