సిరిల్ హుడాక్ దాటని గీత

మనిషి ఒంటిని ఎన్ని రకాలుగా తూకం వేయవచ్చో తెలుసుకోవాలంటే ఏప్రిల్ నెలాఖరు శనివారం స్లొవాకియా నుంచి వలసొచ్చిన మా తాతలు పెట్టిన స్లొవాక్ క్లబ్బులో ఒక పూట కూర్చుంటే చాలు. పెద్ద లీగు అమెరికన్ ఫుట్‌బాల్ జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అది ఆఖరి రోజు. టీవీలో ఒక్కో పేరు పడుతుంటే మావాళ్లు ఆ కుర్రాణ్ని సంతలో ఎద్దును చూసినట్టు చూస్తారు.

"చేతులు చూశావట్రా? ఆ పొట్టి చేతులతో వాడు ఎదుటివాణ్ని ఆపడం కాదు, తన షూ లేసు కట్టుకుంటే గొప్ప!"

"చేతులదేముంది, పిరుదులు చూడు. ఆ పిరుదుల్ని కదపాలంటే క్రేను తేవాలి."

"కొవ్వురా అదంతా. రెండో సగానికల్లా నాలిక బయటపెడతాడు."

"సరే, వీడొద్దు. మరి మన ముందు వరసలో ఒకడు పడితే వెనక ఎవడున్నాడు? మీ ఆవిడా? బలగం ఉండాలి నాయనా, వెనక బలగం!"

ఈ చివరి మాట లెన్ పాలూష్‌ది. టైర్ల కొట్టు నడుపుతాడు, క్లబ్బుకి ఇప్పటి అధ్యక్షుడు. ఏ కుర్రాడి బరువెంత, ఎత్తెంత, ఏ మోకాలికి ఎప్పుడు కోత పడింది అన్నీ నోటికొచ్చు. తను మాత్రం స్కూలు జట్టులో ఒక్క ఏడాది నీళ్ల బిందెలు మోశాడు.

వాళ్ల కుర్చీల మధ్య నుంచి పక్కకి ఒదిగి, క్యాబేజీతో వేయించిన హలుష్కీ పళ్లాలు మోసుకుంటూ వెళ్లే పెద్దమనిషి సిరిల్ హుడాక్. క్లబ్బుకి కాపలా, వడ్రంగం, సున్నం, మెట్ల మీద మంచు తియ్యడం అన్నీ అతనే. ఆ హాల్లో ఉన్నవాళ్లందరిలోనూ పెద్ద లీగు జట్టు చొక్కా ఒంటిమీద వేసుకున్న మనిషి అతనొక్కడే. ఆ మాట అతను చెప్పడు. అందుకే నేను చెబుతున్నాను.

నన్నందరూ ఆగీ అంటారు. చెప్పే అర్హత నాకుంది. నా చదువు కొండ మీది రెండు గదుల బడిలో మొదలైనా, మా ఊరికి మొట్టమొదటి కౌంటీ కప్పు తెచ్చిన జట్టులో సిరిల్‌కి ఎడమ పక్కన నిలబడ్డవాణ్ని. ఉక్కు మిల్లులో కొలిమి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. నా కొలిమి దగ్గర ఒక్క మనిషికీ ఒళ్లు కాలలేదు. ఈ క్లబ్బుకి మూడుసార్లు అధ్యక్షుణ్ని. ఈ పైకప్పు, వంటగదిలో ఆరు పొయ్యిల స్టవ్వు నా హయాంలో వచ్చినవే. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకుంటే అనుకోండి. గొప్పవే కాబట్టి చెప్పుకుంటున్నాను.

సిరిల్ సెంటర్ ఆడేవాడు. బంతి మీదికి వంగి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి, ఆ క్షణంలోనే తల ఎత్తి ఎదుటివాణ్ని ఛాతీతో ఆపాలి. పొట్టి మెడ, వెడల్పు నడుము, బొగ్గు గనిలో పనిచేసిన తండ్రి నుంచి వచ్చిన ముంజేతులు. అతని పక్కన ఆడిన రెండేళ్లలో మా మధ్య సందు నుంచి ఒక్కడు దూరగా నేను చూడలేదు. కాలేజీవాళ్లు పిలిచి ఉచితంగా చదివించారు. ఆ రోజుల్లో డ్రాఫ్ట్ పదిహేడు విడతలు సాగేది. సిరిల్ పేరు పదహారో విడతలో వచ్చింది. టీవీలో కాదు, మూలమీది మాంసం కొట్టుకి ఫోనొచ్చింది. కొట్టాయన ఏప్రన్‌తోనే కొండెక్కి పరిగెత్తుకొచ్చి చెప్పాడు.

మూడేళ్లు జట్టులో ఉన్నాడు. సెంటర్ స్థానానికి రెండో మనిషి. మొదటి మనిషికి దెబ్బ తగిలితే ఇతను దిగాలి. "నా ముందున్నాడే, ఆగీ, వాడికి జలుబు కూడా చేసేది కాదు" అని నాతో ఒకసారి నవ్వుతూ అన్నాడు. ఆ మూడేళ్లూ వారమంతా సాధనలో తన్నులు తిని, ఆదివారం శుభ్రంగా దుస్తులు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

ఒక్కసారి అవకాశం వచ్చినట్టే వచ్చింది. డిసెంబరు ఆట, నేల గడ్డకట్టి ఉంది. మొదటి సెంటర్ హెల్మెట్ పట్టీ తెగింది. "హుడాక్!" అని కోచ్ కేకేశాడు. సిరిల్ హెల్మెట్ తగిలించుకుని పరిగెత్తాడు. మైదానం అంచున తెల్లగీత దగ్గరికి వెళ్లేసరికి ఎవరో కొత్త పట్టీ అందించారు, కోచ్ చెయ్యి అడ్డం పెట్టాడు. సిరిల్ గీతకి ఈవలే ఆగిపోయాడు. మళ్లీ వెనక్కి నడిచి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అంతే. మరుసటి వేసవిలో జట్టులోంచి తీసేశారు. ఊరొచ్చి మిల్లులో చేరాడు, పౌలీన్‌ను పెళ్లి చేసుకున్నాడు, మిల్లు మూతపడ్డాక క్లబ్బు తాళాలు తీసుకున్నాడు.

క్లబ్బులో బారుకి ఎదురుగా ఒక గోడ ఉంది. మా లోయ నుంచి పెద్ద లీగుకి వెళ్లినవాళ్ల ఫోటోలు దాని మీద ఉంటాయి. ఆ గోడ మొదలుపెట్టిన పాతతరం వాళ్లు ఒక నియమం పెట్టారు: లీగు ఆటలో ఒక్కసారైనా మైదానంలో దిగి ఉండాలి. ఎందుకు పెట్టారంటే, ఆ కాలంలో లోయలో ప్రతి రెండో మగాడూ "నన్నూ పిలిచారు, నడుం నొప్పి వల్ల వెళ్లలేదు" అని చెప్పుకునేవాడు. నియమం మంచిదే. దాన్ని నేనూ పాటించాను.

ఆ గోడ మీది ఫోటోలన్నిటికీ ఫ్రేములు చేసింది, మేకులు కొట్టింది సిరిలే. వరసలు వంకర లేకుండా రసమట్టం పెట్టి చూసేవాడు. రెండో వరస మధ్యలో మాత్రం ఒక ఖాళీ వదిలాడు. కొత్త ఫోటో వచ్చినప్పుడల్లా దాన్ని చివరికి జరిపేవాడు కానీ ఆ ఖాళీలో పెట్టేవాడు కాదు. ఎందుకని నేను అడిగితే, "ఇక్కడ ఒకటి పడుతుందిలే" అన్నాడు, నా వైపు చూడకుండా. పౌలీన్ ఆ మాట వంటగదిలోంచి వింది. ఆమె ఇంట్లో సొరుగులో ఒక ఫోటో దాచి ఉంచింది. జట్టు చొక్కాలో సిరిల్, హెల్మెట్ చంకలో పెట్టుకుని.

మొన్న ఏప్రిల్ శనివారం డిలన్ సాబో పేరు టీవీలో పడింది. నాలుగో విడత. మా ఊరి కుర్రాడు, గ్యాస్ స్టేషన్ వెనక వీధి. ఒడ్డూ పొడుగూ చూస్తే తలుపులో పట్టడు. హాలంతా లేచి నిలబడింది. లెన్ బల్లెక్కాడు.

"గోడ మీద పెట్టాల్సిందే! ఇప్పుడే! సిరిల్, నిచ్చెన తే!"

"ఆగవయ్యా" అన్నాను నేను. "కుర్రాడింకా ఒక్క ఆట ఆడలేదు. నియమం ఉంది."

"రేపు సెప్టెంబర్లో ఆడతాడు కదా ఆగీ! నాలుగు నెలలు ముందు పెడితే గోడ కూలుతుందా?"

"కూలుతుందో లేదో పాతవాళ్లనడుగు."

"వాళ్లు సమాధుల్లో ఉన్నారు. ఒళ్లు చూస్తేనే చెప్పొచ్చు, ఈ కుర్రాడు పదేళ్లు ఆడతాడు. ఆ భుజాలు చూడు!"

హాలంతా లెన్ వైపే. ఎవరో స్కూలు నాటి డిలన్ ఫోటో తెచ్చారు. సిరిల్ నిచ్చెన తెచ్చాడు, సుత్తి తెచ్చాడు. వరస చివర మేకు పెట్టబోతుంటే లెన్ కింద నుంచి అరిచాడు: "అక్కడెందుకు స్ట్రికో, మూలకి? మధ్యలో అంత చోటుంది కదా!"

స్ట్రికో అంటే మావాళ్లకి బాబాయ్ అన్నమాట. సిరిల్ ఆ ఖాళీ వైపు కొంచెంసేపు చూశాడు. తర్వాత నిచ్చెన జరిపి అక్కడే మేకు కొట్టాడు. రసమట్టం పెట్టి చూసి, ఒక మూల సర్ది, కిందికి దిగాడు. చప్పట్లు డిలన్‌కి.

వంటగది గడప దగ్గర పౌలీన్ చేతికి పిండితో నిలబడి ఉంది. "మేకు వంకర పోలేదు చూశారా ఆగీ?" అంది నాతో. "నేనైతే వేలు చితక్కొట్టుకునేదాన్ని."

ఆగస్టులో డిలన్‌ను ఆ జట్టు తీసేసింది. అతని స్థానంలో వాళ్ల దగ్గర అప్పటికే ఐదుగురున్నారట. లెన్ ఎప్పుడూ పాడే వెనక బలగం పాట ఇదే. కుర్రాడు ఇంటికొచ్చేశాడు. ఒకరోజు పొద్దున క్లబ్బుకి వచ్చి, నేల తుడుస్తున్న సిరిల్ దగ్గర తల వంచుకు నిలబడ్డాడు. నేను బారు దగ్గర కాఫీ తాగుతున్నాను.

"స్ట్రికో, నా ఫోటో తీసెయ్. సిగ్గుగా ఉంది."

"పెట్టమన్నవాళ్లు తియ్యమనాలి బాబూ."

"నువ్వు మూడేళ్లున్నావట కదా. నేను మూడు నెలలు కూడా లేను."

సిరిల్ తుడుపు కర్ర గోడకి ఆనించి, "ఏమన్నా తిన్నావా?" అన్నాడు. పౌలీన్ చేత, బంగాళాదుంప కూరి వేయించిన పిరోహీ ఒక పళ్లెం నిండా పెట్టించాడు.

లెన్‌కి డిలన్ ఫోటో తియ్యడం ఇష్టం లేదు. "ఇంకో జట్టు పిలుస్తుంది, ఆ ఒళ్లు వదులుకుంటారా ఎవరైనా?" అన్నాడు. అయితే సరే అనుకుని సెప్టెంబరు సర్వసభ్య సమావేశంలో నేను లేచాను. ఆడని డిలన్ ఉండగలిగితే, మూడేళ్లు జట్టులో ఉన్న సిరిల్ ఎందుకు ఉండకూడదన్నాను. కౌంటీ కప్పు గురించి చెప్పాను. పదహారో విడత గురించి చెప్పాను. మాంసం కొట్టాయన కొండెక్కిన సంగతి చెప్పాను. కుర్రకారు కొందరికి సిరిల్ పెద్ద లీగులో ఉన్నాడన్న సంగతే తెలియదు. వాళ్లు కుర్చీలు నా వైపు తిప్పుకున్నారు. పౌలీన్ ఏప్రన్ తీసి, కుర్చీలో కూర్చుంది. సంచీలో ఆ ఫోటో తెచ్చుకుంది.

లెన్ గడ్డం గోక్కున్నాడు. అతను చెడ్డవాడు కాదు. నాకు ఆ మాట రాయడమే కష్టంగా ఉంది.

"ఆగీ చెప్పింది బాగానే ఉంది. కానీ నియమం ఒకటుంది కదా. డిలన్‌ది వేరు, వాడికింకా వయసుంది. స్ట్రికో, ఆ డిసెంబరు ఆట గురించి మా నాన్న చెప్పేవాడు. నువ్వు గీత దాటావా? ఒక్క అడుగైనా సరే. దాటానని నువ్వంటే చాలు, మేమెవరం కాదనడానికి? ఓటు కూడా అక్కర్లేదు."

అందరూ సిరిల్ వైపు తిరిగారు. అవుననమని నేను కళ్లతో సైగ చేశాను. ఆ ఆట చూసినవాడు ఆ హాల్లో ఎవడూ లేడు. పౌలీన్ సంచీలోంచి ఫోటో తీసి ఒళ్లో పెట్టుకుంది.

"దాటలేదు" అన్నాడు సిరిల్. "కాలి బొటనవేలు గీత మీద కూడా పడలేదు. కోచ్ చెయ్యి ఇక్కడ తగిలింది." ఛాతీ మీద చూపించాడు.

ఇక మొదలైంది. పళ్లెంలో మిగిలిన ఒక్క బంగాళాదుంప మీద పడ్డట్టు ఆ మాట మీద పడ్డారు. సాధన ఆటలు లెక్కలోకి వస్తాయా? వస్తే లోయలో ఇంకో పదిమందికి వస్తాయి. జీతం తీసుకుంటే ఆడినట్టేనా? అయితే జట్టు వంటవాణ్నీ పెట్టాలి. సిరిల్ అక్కడే నిలబడి ఉండగానే ఒకడు, "నిజం చెప్పాలంటే ఆ కాలంలో కూడా ఆయన ఒళ్లు కాస్త చిన్నదేరా" అన్నాడు. ఎదురుగా ఉన్న మనిషిని కూడా వాళ్లు టీవీలో చూసినట్టే చూశారు.

చివరికి లెన్ ఒక దారి చెప్పాడు. పెద్ద గోడ మీద కాదు, కోట్లు తగిలించే వసారాలో పెడదాం. "లోపలికొచ్చే ప్రతివాడూ ముందు స్ట్రికోనే చూస్తాడు. అది ఇంకా గౌరవం కదా!" చేతులు లేచాయి. నేను లేపలేదు. సిరిల్ "అలాగే" అన్నాడు. మర్నాడు అతనే ఫ్రేము చేసి, కొక్కేల వరస కింద అతనే మేకు కొట్టాడు.

సెప్టెంబరులో ఇంకా ఎండగానే ఉంది, ఎవరూ కోటు వేసుకురాలేదు. రెండు వారాలు ఆ ఫోటో బాగానే కనిపించింది.

ఇప్పుడు జనవరి. ఆదివారం ఆటలు జోరుగా ఉన్నాయి, క్లబ్బు కిటకిటలాడుతోంది. మొన్న నేను మెట్లెక్కి వచ్చేసరికి సిరిల్ వసారాలో నిలబడి వచ్చినవాళ్ల కోట్లు అందుకుంటున్నాడు. లెన్ మంచు దులుపుకుంటూ తన బరువైన కోటు విప్పి అతని చేతిలో పెట్టాడు.

"తగిలించు స్ట్రికో, ఆట మొదలైపోయింది."

అన్ని కొక్కేలూ నిండిపోయాయి, ఒక్కటే మిగిలింది. సిరిల్ ఆ కోటు దానికే తగిలించి, ముడత పడకుండా భుజాలు సర్దాడు. ఫోటోలో చంకలో హెల్మెట్‌తో ఉన్న ఆ కుర్రాడు పూర్తిగా కనబడకుండా పోయాడు.

"నా కోటు నా దగ్గరే ఉంచుకుంటాను" అన్నాను నేను.

"చెమట పడుతుంది ఆగీ, లోపల వేడిగా ఉంది" అంటూ చెయ్యి చాపాడు.

నేనివ్వలేదు. ఆ మధ్యాహ్నమంతా కోటుతోనే కూర్చున్నాను. టీవీలో మా జట్టు సెంటర్ మోకాలు పట్టుకుని పడిపోయాడు. లెన్ రెండు చేతులూ తలమీద పెట్టుకుని అరిచాడు.

"అయిపోయింది! వాడి వెనక ఎవడున్నాడ్రా ఇప్పుడు? చెప్పండి, ఎవడున్నాడు?"

సిరిల్ అతని వెనక నుంచి వంగి, బల్ల మీది ఖాళీ పళ్లాలు తీసుకుపోయాడు.