బూట్లు లేకుండా ఎక్కిన మెట్లు

మా బంధువుల్లో ఇప్పటికీ ఒక మాట ఉంది. మా నాయన భక్తి వల్లే ఆయన పిల్లవాడు మిలిటరీ ఆఫీసరు కాలేకపోయాడని. ఆ పిల్లవాణ్ణి నేనే. ఆ మాట పుట్టించింది కూడా నేనే. అది నిజం కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో డిగ్రీ అయిపోయింది. మిలిటరీ అకాడమీకి రాత పరీక్ష పాసై, బెంగుళూరులో అయిదు రోజుల ఇంటర్వ్యూ పూర్తిగా ఉండి, చివరి రోజు నా నంబరు పిలవకపోతే తిరిగొచ్చాను. అక్కడ తాడెక్కేటప్పుడు, గోడ దూకేటప్పుడు బాగా ఆయాసపడ్డాను కాబట్టి లోపం అదేననుకున్నాను. మళ్లీ దరఖాస్తు పెట్టి, రోజూ పొద్దున్నే అలిపిరి నుంచి గాలిగోపురం దాకా తిరుమల మెట్ల మీద పరుగెత్తడం మొదలుపెట్టాను.

నాయన తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవరు. కొండెక్కేటప్పుడు చెప్పులు సీటు కింద పెట్టి, ఉత్త కాళ్లతోనే నడిపేవాడు. నేను బూట్లతో మెట్లెక్కుతానంటే ఒప్పుకోలేదు.

"బూట్లు కావాలంటే యాడైనా రోడ్డు మీద పరిగెత్తు. ఆ మెట్ల మీద మాత్రం వద్దురా."

నాకు మెట్లే కావాలి. ఉత్త కాళ్లతోనే పరుగెత్తాను. కింద టీ అంగడాయన రోజూ ఎగతాళి చేసేవాడు. "ఏమప్పా ఆఫీసరూ, ఏమిటికంత తొందర? సామి యాడికీ పోడులే."

రెండో ఇంటర్వ్యూకి నెల ముందు, దిగేటప్పుడు మెట్టు అంచు తగిలి కుడికాలి బొటనవేలు చీలింది. చీము పట్టింది. నాయన రోజూ డ్యూటీ దిగి వచ్చి వేడినీళ్లతో కడిగి కట్టు కట్టేవాడు. బయల్దేరే వారం ముందే మానింది. మచ్చ మిగిలింది, అంతే.

ఈసారి నన్ను మొదటి రోజు మధ్యాహ్నానికే పంపేశారు. ఒక బొమ్మ చూపించి కథ రాయమన్నారు. తర్వాత గుంపులో కూర్చుని దాని గురించి మాట్లాడాలి. నాకు నోరు పెగల్లేదు. నా కాలు ఎవరూ చూడలేదు. డాక్టర్ల పరీక్ష చివరి రోజు ఎంపికైన వాళ్లకే ఉంటుంది. పోయినసారి కంటే ముందే ఇంటికి పోవడానికి సిగ్గేసి, నాలుగు రోజులు బస్టాండు దగ్గర లాడ్జిలో ఉండి వచ్చాను.

"ఏమన్నారురా?" అని అడిగాడు నాయన.

"అంతా అయింది. మెడికల్‌లో కాలు చూసి వద్దన్నారు."

నాయన కాసేపు నా వేలు చూశాడు. "నేనే గదా బూట్లు వద్దంటి," అన్నాడు.

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను తల వంచుకుని అన్నం తిన్నాను.

మూడోసారి దరఖాస్తు పెట్టలేదు. బ్యాంకులో చేరాను. రిటైరయ్యాక నాయన పొద్దున్నే అలిపిరి వైపు నడవడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. మొదటి మెట్టు దగ్గర పోలీసు సెలక్షన్‌కి తయారవుతున్న కుర్రవాడొకడు బూట్లు విప్పుతున్నాడు. నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తున్న నాయన ఆగాడు.

"విప్పొద్దు నాయనా. ఏసుకునే పరిగెత్తు. సామి ఏమీ అనుకోడు. నా మాట విని మావాడు కాలు చెడగొట్టుకున్నాడు."

"మీవాడు ఇప్పుడేం చేస్తాడు పెద్దాయనా?"

"ఆఫీసరే. బ్యాంకులో ఉండాడు. మేం అనుకున్న ఆఫీసరు కాదులే."

ఇంటికి తిరిగొచ్చే దారిలో నాయనకు ఉన్నదంతా చెప్పాను. ఆయన నడక ఆపలేదు. ముందుకు చూస్తూనే అడిగాడు.

"ఆ నాలుగు దినాలూ యాడ తింటివిరా?"

"బస్టాండు దగ్గరే."

"ఇంటికొచ్చుంటే మీ అమ్మ అన్నం పెట్టేది గదా."

ఆ తర్వాత ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కిందటి నెల చిత్తూరులో ఒక పెళ్లి పందిట్లో, నాయన భక్తి గురించి ఆ పాత మాటే ఎవరో తెచ్చారు. ఆయన అవునన్నట్టు తలూపి, విస్తరి ముందు కూర్చున్నాడు. నేను పక్కనే ఉండి కూడా నోరు తెరవలేదు. ఇంటికి రాగానే ఇది రాయడానికి కూర్చున్నాను. మా వాళ్లలో ఎవరైనా చదివితే, ఇక ఆయనతో ఆ మాట అనొద్దు.