ఇరవై దగ్గర మొదలైన గీత

మొన్న పినపాక దారిలో ఎండుతున్న తునికాకు, అదే బీడీలు చుట్టే ఆకు, వాసన తగలగానే, తొమ్మిదో తరగతిలో నాగమణి మీద నేను పెంచుకున్న కుళ్ళు గుర్తొచ్చింది.

లెక్కల సార్ గ్రాఫ్ మీద రెండు బిందువులు పెట్టారు. ఒకటి దగ్గర ముప్పై, రెండు దగ్గర నలభై. వాలు పది అని నేనే ముందు అరిచాను. అంతరఖండం, అంటే గీత నిలువు అక్షం మీద ఎక్కడ మొదలవుతుందో అడిగితే సున్నా అన్నాను. ఏమీ మొదలవకముందు ఇంకేం ఉంటుంది!

"ఇరవై సార్," అంది నాగమణి. "నేను బడి నుంచి పోయేసరికే మా అమ్మ ఇరవై తునికాకు కట్టలు కట్టి పెడ్తది. ఆమె వంటకు లేస్తే నేను కూసొని గంటకు పది కడ్త. గిది గూడ గట్లనే ఉంది."

సార్ తన చేతిలోని సుద్దముక్క ఆమెకిచ్చి గీత గీయమన్నారు.

ఇంటికెళ్ళి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "నన్ను గూడ ఆకు కట్టనీకి పంపియ్. గందుకే దానికి లెక్కలొస్తున్నయ్!"

"ముందు అన్నం తిను, ట్యూషన్‌కు టైమైతుంది," అంది అమ్మ.

పొద్దున లేచేసరికి అమ్మ కాచిపెట్టిన నీళ్ళు, ఇస్త్రీ బట్టలు, సాయంత్రానికి ఆ ట్యూషన్. వాటన్నిటికీ కలిపి నా గీత మొదలు దగ్గర నేను చాలా ఏళ్ళు సున్నా అనే వేసుకున్నాను.