గ్యాస్ బంద్ చేసిన్రా?

కలీముల్లా సాహెబు ఎవరినీ బాగున్నారా అని అడగడు. "గ్యాస్ బంద్ చేసి వచ్చిన్రా?" అని అడుగుతాడు. సికింద్రాబాద్ క్లాక్ టవర్ పార్కుకు పొద్దున్నే నడకకొచ్చేవాళ్లలో ఆ ప్రశ్నకు గుండె జారనివాళ్లు లేరు.

అందరికంటే ఎక్కువ జారేది ఎలీసబెతు టీచరుకు. రిటైరై రాంగోపాల్‌పేట్‌లో ఒక్కతే ఉంటోంది. పాలు కాచింది, నిజమే. కట్టేసిందా? కట్టేసినట్టే ఉంది. ఆ 'ఉంది' దగ్గర కాళ్లు ఆగిపోయేవి. బస్సులకు చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు దాటి, రొప్పుతూ ఇల్లు చేరితే స్టవ్ చల్లగా నవ్వేది.

"ఏమండీ, మీకు వేరే ప్రశ్న దొరకదా?" అని ఒకరోజు నిలదీసింది.

రెజిమెంటల్ బజార్‌లో ఏళ్లతరబడి బట్టలు కుట్టిన ఆ పెద్దమనిషి గడ్డం గోక్కున్నాడు. మర్నాడు, "మేడం, ఇస్త్రీపెట్టె బంద్ చేసిన్రా?" అన్నాడు. పాపం, ఆవిడ చీర ఇస్త్రీ చేసుకునే వచ్చింది. మళ్లీ పరుగు.

ఆయన కంటబడకుండా గడియార స్తంభం చాటున నడవడం మొదలుపెట్టింది. ఆయన అటునుంచే ఎదురయ్యేవాడు.

ఒక సోమవారం ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ధర్మరాజును ఆపాడు.

"గ్యాస్ బంద్ చేసిన్రా సార్?"

"పార్కు... పార్కు బంద్ చేసిన."

బెంచీల మీదివాళ్లు గొల్లుమన్నారు. టీచరూ నవ్వింది. కలీముల్లా నవ్వలేదు.

"సార్, జెర రెండు చేతులు లేపుండ్రి."

కుడిచెయ్యి లేవలేదు.

టీచరూ కలీముల్లా ధర్మరాజును ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. పక్షవాతమన్నారు. టీచరు వరండాలో ప్రార్థిస్తూ కూర్చుంది. కలీముల్లా తలుపు ముందు అటూ ఇటూ తిరిగాడు. చివరికి డాక్టరు బయటికొచ్చి, "టైముకు తెచ్చారు, భయంలేదు" అన్నాక గానీ ఇద్దరికీ ఊపిరాడలేదు.

"మీకెలా తెలిసిందండీ?" అని అడిగింది టీచరు.

"నమస్తే అంటే నమస్తే అనుకుంట పోతరు మేడం. గ్యాస్ అంటే ఆగుతరు, బంద్ చేసిన్నా లేదా అని సోచాయిస్తరు, మాట్లాడతరు. మాట ఎట్లున్నదో వింట. మనోళ్లు సగం మంది ఇంట్ల ఒక్కరే ఉంటరు. పొద్దున ఎవరో ఒకరు వినాలె గద."

టీచరుకు వెంటనే మాట రాలేదు. ఆయన కంగారుపడి ఆవిడ ముఖంలోకి వంగి చూశాడు.

"నేను బాగానే ఉన్నానండీ!" అంది గబగబా.

కొన్ని వారాలకు ధర్మరాజు చేతికర్రతో పార్కుకొచ్చాడు. వస్తూనే కలీముల్లా మీద విరుచుకుపడ్డాడు. "ఏందయ్యా, నీకా డొక్కు ఆటోనే దొరికిందా? గుంతగుంతకు ఎగరేసి నా నడుం ఇరగ్గొట్టినవ్! మనిషివేనా?"

కలీముల్లా కళ్లు మూసుకుని, పాట వింటున్నంత హాయిగా విన్నాడు.

"మాషా అల్లా! ఒక్క మాట సుత తడబడలే. ఇంకో నాలుగు తిట్టుండ్రి సార్."