రెండు చెవులూ కనబడాలి

స్టూడియో మావయ్యంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. నలభై ఏళ్లు పాస్‌పోర్టు ఫొటోలు తీశాడు. గడ్డం దించండి, నవ్వకండి, రెండు చెవులూ కనబడాలి. ఎంత గొప్పవాడైనా ఆ స్టూలు మీద కూర్చున్నాక ఆయన మాట వినాల్సిందే. కట్టుకున్నావిడ మాత్రం వినలేదు. ఆయన కెమెరా ఎత్తేసరికి ఆవిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. ఇంట్లో ఆవిడ ఫొటోలన్నీ మసకే.

స్టూడియో మూసేశాక ఆయనకు సీతాకోకచిలుకల పిచ్చి పట్టుకుంది. చిన్నవాటిని పెద్దగా చూపే లెన్సు ఒకటి సంపాదించి, ఊరి చివరి రక్షిత అడవిలో పొద్దున్నే మోకాళ్ల మీద పాకేవాడు. చూసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ, ఆయన అంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

ఒకరోజు అక్కడి అధికారిణి సాయమడిగింది. ఒక పొదల వరసను కొట్టేసి కొత్త బాట వేయబోతున్నారు. ఆ పొదల్లో అరుదైన నీలం సీతాకోకచిలుక ఉందని ఆమె నమ్మకం. శుక్రవారంలోగా ఫొటోతో రుజువు చేస్తే బాట పక్కకు జరుగుతుంది, లేదంటే పొదలు పోతాయి. అదెంత పని అన్నాడు మావయ్య. మూడు రోజులు ఎండలో మాడి ఎనభై ఫొటోలు తీస్తే నాలుగు కుదిరాయి. నాలుగింటిలోనూ సీతాకోకచిలుక సూటిగా ఎదురుగా చూస్తోంది. రెండు కళ్లూ, రెండు మీసాలూ సరిసమానం. పాస్‌పోర్టుకు పంపితే ఒక్కటీ తిరిగిరాదు.

"మొహం కాదు మావయ్యగారూ," అంది ఆమె మెల్లగా. "ముడిచిన రెక్క మీది చుక్కలు కావాలి. పక్కనుంచి తీయాలి."

ఆయన మొహం చిన్నబోయింది. మిగిలింది ఒక్కరోజు. మిగతా డెబ్బై ఆరూ ఎందుకు చెడ్డాయో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా చెయ్యి వణుకుతోంది. స్టాండు నిలబెట్టేలోపు ఆ చిన్నప్రాణి తుర్రుమంటుంది.

శుక్రవారం పొద్దున భార్య తనూ వస్తానని బయల్దేరింది. సాసరులో టీకప్పు గలగలలాడటం ఏడాదిగా వింటూనే ఉంది మహాతల్లి, పైకి అనలేదంతే. పొద దగ్గర ఆయనకు ముందుగా చతికిలబడి, "నా భుజం మీద ఆనించి తీయండి," అంది.

"నువ్వు కదలకుండా ఉంటావా?"

"ఉంటాను. మీ పని మీరు చూసుకోండి."

ఉంది. కాళ్లు తిమ్మిరెక్కాయి, మెడ మీద చీమ పాకింది. ఏ కెమెరా ముందూ క్షణం నిలవని మనిషి రాయిలా కూర్చుంది. చాలాసేపటికి నీలం సీతాకోకచిలుక ఆకు మీద వాలి రెక్కలు ముడిచింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఆయన మీట నొక్కాడు.

బాట పక్కకు జరిగింది. ఆ ఫొటోను పెద్దది చేసి గేటు దగ్గర పెడతామని అధికారిణి కబురు పెట్టింది. చుక్కలన్నీ లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. ఒక మూల మాత్రం మసకగా ఏదో అడ్డొచ్చింది, కత్తిరించేద్దామా అని అడిగింది.

మావయ్య కళ్లజోడు తుడుచుకుని చూశాడు. నెరిసిన జుట్టు, దాని కింద చిన్న చెవి.

"వద్దమ్మాయ్, ఉండనీ," అన్నాడు. "రెండు చెవులూ కనబడాలని ఊరందర్నీ సతాయించాను. నాకు ఈ ఒక్కటి చాలు."