రెండు చీలల స్టాండు

డెల్మర్ కోస్ట్కాకి ఈ లోకంలో ఏ వస్తువూ నేలమీద ఉండటం ఇష్టం లేదు. దేనికైనా కింద ఓ స్టాండు ఉండాల్సిందే. చర్చిలో కాఫీ బానకు స్టాండు చేశాడు. కుక్క నీళ్ల గిన్నెకూ చేశాడు. ఆ కుక్క పొట్టిది. గిన్నె అందక పక్కింటికెళ్లి తాగొచ్చేది.

ఇంట్లోనే కట్టుకునే విమానం విడిభాగాల కిట్టొకటి కొని గ్యారేజీలో పెట్టుకున్నాడు. ఏళ్లు గడిచినా పెట్టెలకు కొట్టిన మేకు ఒక్కటీ ఊడలేదు. రెక్కలు నిలబెట్టడానికి తివాచీ ముక్కలు పరిచిన స్టాండు, మొండేన్ని పట్టి తిప్పడానికొకటి, తోకకొకటి, ఇంజనుకొకటి మాత్రం సిద్ధం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఊరి చిన్న ఎయిర్‌పోర్టులో విమానాల వాళ్లంతా శనివారం పాన్‌కేకులు తినడానికి చేరేవారు.

"ఏమయ్యా డెల్మర్, నీ స్టాండు ఎప్పుడెగురుతుంది?"

"ముందు స్టాండు, ఆ తర్వాతే విమానం," అనేవాడు, సిరప్ సీసా కింద చెక్కముక్క సర్దుతూ.

నేలమాళిగలో విమానం కట్టి, అది తలుపులో పట్టక గోడ పగలగొట్టుకున్నవాళ్లు మిన్నెసోటాలో ఊరికొకరు ఉంటారు. విమానం ఊసే లేకుండా ఉత్త స్టాండు కోసం గోడ పగలగొట్టుకున్నవాడు డెల్మర్ ఒక్కడే.

లోర్నా హెస్టాడ్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. భర్త ఆర్నె సగం కట్టిన విమానాన్ని గ్యారేజీలో వదిలేసి కిందటి చలికాలంలో కన్నుమూశాడు. ఆమెకు గ్యారేజీలోకి వెళ్లాలంటే భయం, ఇంట్లో ఉండాలంటే అంతకంటే భయం. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయితో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజులుండేవి. మంచు కరగగానే విమానం అమ్మేద్దామనుకుంది.

అంతలో డెల్మర్ పికప్పులో పెద్ద స్టాండు వేసుకొచ్చాడు.

"అమ్మేస్తానని చెప్పాను కదయ్యా, ఇదెందుకు?"

"అమ్మేదాకా నేలమీద పడుండాలా లోర్నమ్మా? పాపం కదూ!"

ఆ స్టాండులో విమానం మొండేన్ని ముక్కు దగ్గర ఒక పెద్ద చక్రం, తోక దగ్గర ఒక చక్రం పట్టుకుంటాయి. తిప్పితే పొట్ట పైకొస్తుంది, హాయిగా నిలబడి రేకులకు రివెట్లు కొట్టుకోవచ్చు. లోర్నా ఊరికే ఒకటి కొట్టి చూసింది. తర్వాత ఇంకోటి. అమ్మకం మాట వెనకబడింది. చిక్కల్లా ఆ చక్రాలు కదలకుండా బిగించిన చీలలతోనే. రెండు చీలలూ ఒకేసారి లాగితే తప్ప స్టాండు తిరగదు. ఆ కొస నుంచి ఈ కొసకు ఏ మనిషి చేతులూ చాలవు.

"ఏం బుర్రయ్యా నీది! ఒంటిదాన్ని, ఎట్లా తిప్పేది?"

"ఫోన్ చెయ్, వస్తా."

వచ్చేవాడు. చీల లాగడం చిటికెలో అయిపోయేది. కాఫీ తాగి, రూబార్బ్ కేకు తిని, ఆమె కుర్చీల కాళ్లు ఎగుడుదిగుడని తీర్మానించేసరికి సాయంత్రమయ్యేది. అతను వెళ్లాక ఇల్లు మరీ బోసిపోయేది.

ఎన్నాళ్లని పిలుస్తామని, లోర్నాకు ఒకనాడు డ్రైవరు సీట్లోంచే లాగే బస్సు తలుపు మీట గుర్తొచ్చింది. మధ్యలో ఒక మీట పెట్టి, రెండు కొసలకూ తాళ్లు కట్టింది. లాగితే రెండు చీలలూ ఊడివచ్చి మొండెం చక్కగా తిరిగింది. ఇక ఫోన్ చేసే పని లేకపోయింది. మళ్లీ టీవీ అమ్మాయే దిక్కయింది.

శనివారం పాన్‌కేకుల దగ్గర తన తెలివి గురించి గొప్పగా చెప్పింది. భార్య వదిలేసి వెళ్లిన మార్విన్ నవ్వాడు.

"నాకిచ్చినదానికీ రెండు చీలలే. విమానం పూర్తయ్యేదాకా నన్ను వదిలిపెడితేనా!"

"అదేంటి, మాదానికి ఒకటే చీల," అన్నారు లిండ్‌క్విస్ట్ మొగుడూపెళ్లాలు. "ఇచ్చి వెళ్లాక ఒక్కసారైనా తొంగి చూడలేదు!"

లోర్నా నోటిదాకా తెచ్చిన ముద్దను పళ్లెంలో పెట్టేసింది. ఇంటికొచ్చి తాళ్లన్నీ ఊడదీసి ఫోన్ చేసింది.

"డెల్మర్, స్టాండు తిరగడం లేదు. రా."

వచ్చాడు, చీల లాగాడు. కాఫీ పోస్తూ ఆమె అడిగింది.

"నీ సొంత విమానం స్టాండుకు ఎన్ని చీలలయ్యా?"

డెల్మర్ కప్పు కిందికి చెక్కముక్క కోసం అటూ ఇటూ వెతికాడు. "రెండు."

"ఒకటి పీకెయ్యొచ్చుగా?"

"పీకేస్తే... ఒక్కణ్ణే కట్టుకోవాలిగా."

లోర్నాకు జాలీ కోపమూ కలిసి పొంగుకొచ్చాయి. "ఊరందరి చీలలూ లాగావు, నోరు తెరిచి నన్నొక్కమాట అడగడానికేం? రేపు పొద్దున వస్తున్నా. పెట్టెలు విప్పుదాం. నీ రెండో చీల నాది."

డెల్మర్ కంగారుపడిపోయాడు. "రేపే? కుదరదు లోర్నమ్మా! విప్పిన మూతలు పెట్టడానికి ఇంకా స్టాండు చెయ్యలేదు!"

మర్నాడు ఆమె వెళ్లేసరికి పెట్టెలన్నీ విప్పేసి ఉన్నాయి. మూతలు నేలమీదే చెల్లాచెదురుగా పడున్నాయి. వాటి మధ్య, రంగు ఇంకా ఆరని బుల్లి స్టాండొకటి నిలబడి ఉంది. దానికి సరిగ్గా రెండు కాఫీ కప్పులు పట్టే గుంటలున్నాయి.